గయలో వదిలింది

కాశీనుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే సంపూర్ణమ్మ చీపురు పట్టుకుంది. ఎవరూ చెప్పలేదు. చీపురు ఆవిడ పెట్టి వెళ్లిన మూలనే, ఆవిడ కోసమే కాచుక్కూచున్నట్టు ఉంది. మాఘమాసంలో వెళ్లిన మనిషి, వేసవి పోయి కాలవలకి నీళ్లు వదిలాక ధవళేశ్వరంలో పడవెక్కి ఇల్లు చేరింది. రైలెక్కింది, గోదావరి మీద కొత్త వంతెన దాటింది, గంగలో మునిగింది. ఇంత చేసొచ్చినా వాకిలి చిమ్మడానికి వంగగానే నడుం పాతచోటే నొప్పెట్టింది.

అరుగు మీద మాత్రం సందడిగా ఉంది. భర్త భీమశంకరం ఇస్త్రీ మడతల పంచె కట్టుకుని కూచున్నాడు. గుమ్మంలో అత్తగారు కామాక్షమ్మ. వచ్చేపోయేవాళ్లు ఇద్దరి కాళ్లకీ దండం పెడుతున్నారు, కాశీ వెళ్లొచ్చిన కాళ్లు కదా! సంపూర్ణమ్మ కాళ్లు పేడనీళ్లలో ఉన్నాయి. అవీ అంతదూరం నడిచొచ్చాయని ఎవరికీ తట్టలేదు. ఒకాయన పోనీ పాపమని అడిగితే భీమశంకరం, "వంటకి ఇబ్బంది కాకుండా దాన్నీ తీసుకెళ్లామండీ" అన్నాడు. అబద్ధమేం కాదు. కాశీలో అద్దెకి తీసుకున్న గదిలో పొయ్యి దగ్గర ఊదీ ఊదీ ఆవిడ కళ్లు మండని రోజు లేదు.

వచ్చినవాళ్లంతా చివరికి అడిగే మాట ఒకటే. "గయలో ఏం వదిలారండీ?" గయలో పెద్దలకి పిండాలు పెట్టాక యాత్రికులు తమకిష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి. మళ్లీ జన్మలో దాన్ని ముట్టకూడదు. ముడితే పెట్టిన పిండాలు పెద్దలకి చెందవంటారు. భీమశంకరం గంభీరంగా, "కాకరకాయ వదిలేశానండీ" అంటున్నాడు. వాళ్లు ఆహా అంటున్నారు. కాకరకాయ వాసనే గిట్టదు మహానుభావుడికి. ఆయనకి గిట్టదని, పుట్టింట్లో ప్రాణంపెట్టి తిన్న కాకరకాయ పులుసు సంపూర్ణమ్మ కాపరానికొచ్చాక మళ్లీ చూడలేదు. అత్తగారు చెరుకుగడ వదిలారు. ఆవిడకి పళ్లు ఊడి చాలా కాలమైంది. సంపూర్ణమ్మ ఏం వదిలిందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు, మొగుడితో సహా.

అడగకపోవడమే నయమనుకుంది దార్లో. ఇల్లు చేరాక భయం పట్టుకుంది.

ఆ ఇంట్లో మగాళ్లు తిని లేచాక ఎవరి పెళ్లాం వాళ్ల విస్తట్లో కూచుంటుంది. అదే ఆచారం. కాపరానికొచ్చిన మొదటిరోజున అత్తగారు చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది. "ఇది అందరికీ దొరికే భాగ్యం కాదే పిల్లా" అంది. భాగ్యమేననుకుంది పధ్నాలుగేళ్ల పిల్ల. ఆ తరవాత అనుకోవడం కూడా మానేసింది. నమిలి పక్కన పెట్టిన ములక్కాడ పిప్పి, పిసికి వదిలేసిన పెరుగన్నం ముద్ద, చల్లారిన పప్పు, ఆయన వేలితో గీసిన గీతలు. వాటిని ఒక వారకి నెట్టుకుని తన అన్నం తాను వడ్డించుకుని తినేది. పోనీ ఆకులకి కరువా? పెరటినిండా అరటిచెట్లే. గాలికి చిరిగి, ఎండి, గేదెల పాలవుతున్నాయి. ఇంట్లో సొంత విస్తరి వేసుకునే ఆడది ఒక్క అత్తగారే, అదీ మావగారు పోయాక. ఈ ఇంట్లో ఆడదానికి తనదంటూ ఒక ఆకు కావాలంటే మొగుడు పోవాలి కాబోలు! ఆ ఆలోచన వచ్చినప్పుడు సంపూర్ణమ్మ తన నోరు తానే మూసుకుంది, పైకి అనకపోయినా.

కాశీలో ఒకసారి అత్తగారికి జ్వరమొచ్చి, పొయ్యి వెలిగించే వీల్లేక మనవాళ్ల సత్రానికి భోజనానికి వెళ్లారు. మగాళ్ల వరస ఒక హాల్లో, ఆడవాళ్ల వరస ఇంకో హాల్లో, రెండూ ఒకే వేళకి. సంపూర్ణమ్మ అలవాటుకొద్దీ గోడవార నుంచుని మగాళ్ల వరస ఎప్పుడు లేస్తుందా అని చూస్తోంది. వడ్డించే పాపాయమ్మ అనే ఆవిడ, తెల్లచీర ముసుగావిడ, "అలా నుంచున్నావేంటమ్మా, కూచో" అని ముందు ఆకు వేసింది. కడిగిన పచ్చటి ఆకు, దానిమీద ఏమీ లేదు. అన్నం పొగలు కక్కుతోంది. వేళ్లు కాలాయి. సగం తిన్నాక పాపాయమ్మ మళ్లీ వచ్చి, "ఇంకాస్త వెయ్యనా?" అంది. ఆ మాట తనని అడిగినవాళ్లు లేరు, అమ్మ పోయాక. సంపూర్ణమ్మ తల వంచుకుని ఏడ్చింది. కారం ఎక్కువైందేమో అనుకుని పాపాయమ్మ ఇంత నెయ్యి వేసి వెళ్లింది.

తరవాత గయ. మావగారికి పిండాలయ్యాయి, కాకరకాయ అయింది, చెరుకుగడ అయింది. పిండాలు పెట్టించిన గయ బ్రాహ్మడు, పండా, భీమశంకరాన్ని "మీ భార్య కూడా వదులుతారా?" అని అడిగాడు. రైలుకి వేళవుతోందని ఆయనకి ఒకటే కంగారు. "ఆఁ, అదీ ఏదో ఒకటి వదులుతుంది, తొందరగా కానివ్వండి" అన్నాడు. పండా ఆవిడ దోసిట్లో నీళ్లు పోసి, మనసులో అనుకుని వదలమన్నాడు. ఏదైనా కూర పేరు అనుకుందామనే చెయ్యి చాపింది. పచ్చటి ఆకు మీది వేడన్నం కళ్లముందు మెదిలింది. నీళ్లు జారిపోయాయి.

ఇంటికొచ్చిన రాత్రి పడవలో తిన్న అటుకులు అరగలేదంది. మర్నాడు ఉపవాసమని, అందరూ నిద్రపోయే వేళ రెండు అరటిపళ్లు తింది. తోటికోడలు మాణిక్యం తన మొగుడి విస్తట్లో కూచుని తింటూ వారగా చూసింది. అత్తగారు ఊరుకుంటుందా? "దేశాలు తిరిగొచ్చిందిగా, మనింటి తిండి సహించదు" అంది. ఎన్నాళ్లని ఇలా ఎగ్గొట్టడం? చెపితే ఇల్లు తిరగబడుతుంది, చెప్పకపోతే కడుపు మాడుతుంది. పోనీ చడీచప్పుడు లేకుండా వెళ్లి ఆ విస్తట్లోనే కూచుంటేనో? ఎవరికి తెలుస్తుంది? తనకి తెలుస్తుంది.

ఆ మర్నాడే కాశీ సమారాధన. సంపూర్ణమ్మా మాణిక్యమూ తెల్లవారకముందే మడి కట్టుకుని పొయ్యిల దగ్గర కూచున్నారు. వంటలో సాయానికి పేరమ్మగారు వచ్చింది. ఆచారం విషయంలో పురోహితుడు కూడా ఆవిడ ముందు నోరు మెదపడు. మగాళ్ల పంక్తి లేచింది. పిలిచిన ముత్తయిదువలూ తిని తాంబూలాలు పుచ్చుకుంటున్నారు. అప్పుడు అత్తగారు, "ఇహ నువ్వు కూచోవే. వాడి విస్తరి తియ్యనివ్వలేదు, నీకోసం ఉంచాను" అంది.

సంపూర్ణమ్మ కదల్లేదు.

పేరమ్మగారికి ఉన్నట్టుండి జ్ఞాపకమొచ్చింది. "అన్నట్టు నువ్వేం వదిలావే సంపూర్ణం? వీళ్లవి ఊరంతా తెలుసు."

"నన్నెవరూ అడగలేదు పిన్నిగారూ."

"నేనడుగుతున్నాగా!"

సంపూర్ణమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "మొగుడి విస్తట్లో తినడం వదిలేశానండీ."

తాంబూలాలు పుచ్చుకునే చేతులు అక్కడికక్కడే ఆగిపోయాయి. అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుంది. అరుగు మీదనుంచి భీమశంకరం వక్కాకు నములుతూ వచ్చాడు. సంగతి విన్నాక నమలడం ఆపేశాడు.

"నా అనుమతి లేకుండా ఆడదాని నియమం ఎలా చెల్లుతుందీ?"

"మీరు అనుమతి ఇచ్చారండీ" అంది సంపూర్ణమ్మ, నేల చూస్తూనే. "పండా అడిగితే, అదీ ఏదో ఒకటి వదులుతుంది, తొందరగా కానివ్వండి అన్నారు."

"అన్నావుట్రా శంకరం?" అంది పేరమ్మగారు.

"అన్నాను... కూరో పండో అనుకున్నాను."

"కూర అని చెప్పావా?"

చెప్పలేదు.

"అయితే ఇంకేముంది? వదిలింది మళ్లీ పట్టుకుంటే మీ నాన్న పిండాలు గంగలో కలిసినట్టే. ఆపైన నీ ఇష్టం."

భీమశంకరం తల్లి వంక చూశాడు. కామాక్షమ్మ కోడల్ని చూడటం లేదు, కొడుకు విస్తరినే చూస్తోంది. "ముప్పై ఏళ్లు తిన్నాను మీ మావగారి విస్తట్లో. ఇప్పుడు తిందామన్నా లేదు. నాకేం తక్కువైందే?" అంది. కోపంగా మొదలెట్టి, చివరికి కొంగుతో కళ్లొత్తుకుంది. ఈవిడకి నిజంగానే అది భాగ్యం. సంపూర్ణమ్మకి జాలేసింది. జాలేసిందని కూచోలేదు. చివరికి అత్తగారే, "తీసెయ్యండి, ఈగలు ముసురుతున్నాయి" అంది. భీమశంకరం గిర్రున వెనక్కి తిరిగి అరుగు మీదికి వెళ్లిపోయాడు.

ఆ కోపం ఎన్నాళ్లుంటుందో సంపూర్ణమ్మకి తెలియదు. రేపు మాటలుంటాయి, మాట్లాడకపోవడాలూ ఉంటాయి. వాటికి అలవాటే. వంటింటి గోడకి ఆనించిన ఆకుల్లోంచి చిరగని దాన్ని ఒకటి తీసి, కడిగి, పరుచుకుని కూచుంది. అప్పుడే దించిన రెండో గుండిగలోంచి మాణిక్యం అన్నం వడ్డించింది. వేళ్లు చురుక్కుమన్నాయి. ఊదుకుంటూ మొదటి ముద్ద కలిపింది.

మాణిక్యం గరిటె పట్టుకుని అలాగే నుంచుంది. కాస్త ఎడంగా ఆమె మొగుడి విస్తరి ఆమె కోసం ఎదురుచూస్తోంది. వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కయ్యా, గయ చాలా దూరమా?"

సంపూర్ణమ్మ తలెత్తి తోటికోడల్ని చూసింది. ఎడంచేత్తో ఇంకో ఆకు లాగి తన పక్కనే పరిచింది.

"దూరమేం కాదే. కూచో, అన్నం చల్లారిపోతోంది."