పడవ ఆటకు కట్టిన బాణీ

ఉప్పునీటి తొట్టెలోంచి ఐసు డబ్బాను కొక్కెంతో పైకి లాగి, మంచినీళ్లలో ఓసారి ముంచి, బల్ల మీదకి వంచాడు లోకనాథ్. దిమ్మ జర్రున జారింది. మొగల్తూరు ఐసు ఫ్యాక్టరీలో రోజంతా అతనికి ఇదే పని. వేళ్లు మొద్దుబారి, మోచేతుల దాకా చర్మం తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఊళ్లో అతన్నెవరూ పనిగట్టుకుని తలుచుకోరు. చేపల బోట్లకి ఐసు అందని రోజున మాత్రం అందరికీ గుర్తొస్తాడు.

అలాంటి మనిషి ఫోనులో వీడియో గేములకు సంగీతం కడతాడంటే నమ్ముతారా? కడతాడు. అతనిలాంటి సరదా ఉన్నవాళ్లంతా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఒకరి బాణీలు ఒకరికి వినిపించుకుంటారు. గోదావరి జిల్లాల వాళ్లాయె, మర్యాద ఎక్కువ! ఎంత చెత్త బాణీకైనా "చాలా బాగుందండి" అనేస్తారు.

వాళ్లలో లక్ష్మీనరసింహం మాస్టారొక్కరే వేరు. రాజమండ్రిలో సంగీతం చెప్పి రిటైరయ్యారాయన. ఎవరి బాణీ వచ్చినా మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టుకుని కూరలు తరుగుతారు. ఆట సాగినంతసేపూ బాణీ ఆగకుండా చుట్టు తిరగాలి కదా మరి. "వంకాయలు అయ్యేదాకా బానే ఉందయ్యా. బీరకాయలకొచ్చేసరికి తలనొప్పెట్టింది" అని లోకనాథ్ మొదటి బాణీకి మొహం మీదే చెప్పారు. కొన్నాళ్లు మూతి ముడుచుకున్నా, చివరికి మార్చాడు. ఇప్పుడది ఓ ఆటలో నిజంగానే మోగుతోంది.

ఈ ఉదయం మాస్టారు తన సొంత బాణీ పంపారు, పడవ ఆట కోసం. అందరివీ దిద్దిన మనిషికి ఇదే మొదటిది. ఆయన గుండె ఇక ఎన్నాళ్లో పనిచెయ్యదని, ఇంట్లోనే ఉంచుకోమని డాక్టర్లు చెప్పేశారు. అది తలుచుకునేసరికి లోకనాథ్‌కి తప్పులు వెతకబుద్ధి కాలేదు. హడావుడిగా విని "అద్భుతం మాస్టారూ" అని పెట్టేశాడు.

వెంటనే ఫోను మోగింది.

"ఏంటయ్యా అద్భుతం? నువ్వు కూడా ఆ మాటేనా?" మాస్టారు ఆయాసపడుతున్నారు. "పోయేవాడికి మర్యాదలెందుకు? ఒక్కడైనా నిజం చెబుతాడని నీకు పంపాను. పనిలో పెట్టుకుని విను."

లోకనాథ్ సిగ్గుతో చచ్చిపోయాడు. చెవిలో బాణీ పెట్టుకుని దిమ్మలు లాగాడు. హాయిగానే సాగింది. కానీ చివర్నుంచి మొదటికి తిరిగే చోట ఓ గతుకు. ప్రతిసారీ అక్కడే కొక్కెం పట్టిన చెయ్యి ఆగుతోంది. చెప్పాలా? చెబితే ఆ గుండె తట్టుకుంటుందా? మధ్యాహ్నం దాకా నాన్చి, ఎట్టకేలకు వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. చుట్టు తిరిగేచోట తాళం జారుతోందండి. పడవ ఇసకలో దిగబడ్డట్టుంది. మిగతాదంతా... ఏడుపొచ్చిందండి నాకు."

ఫోను జేబులో పెట్టి మళ్లీ కొక్కెం అందుకున్నాడు.

సాయంత్రం మాస్టారి నంబరు నుంచే ఫోనొచ్చింది. మాట్లాడింది ఆయన భార్య మాణిక్యాంబ.

"ఇందాకే పోయారు బాబూ. నిద్రలోనే."

లోకనాథ్ తడి నేల మీదే కూలబడ్డాడు. "నేనేదో వాగానండీ... నా మాటకేమైనా..."

"నీ మాట విని 'దొరికాడే ఒకడు' అని నవ్వారయ్యా! కూచోబెట్టమని, బాణీలు కట్టే ఆ ట్యాబుతో చాలాసేపు కుస్తీ పట్టారు. అయిందంటూ పడక్కుర్చీలో వెనక్కి వాలారు." ఆవిడ ముక్కు చీదుకున్నారు. "ఆయన్ని కిందకి దించారు. అదేమో కుర్చీలో పాడుతూనే ఉంది. ఎలా ఆపాలో నాకు తెలీదు."

ఆవిడ మాటల వెనక బాణీ సన్నగా వినిపిస్తోంది. చివరికొచ్చింది. లోకనాథ్ ఊపిరి బిగబట్టాడు. ఎక్కడా తట్టుకోకుండా మొదటికి తిరిగింది.

"ఉండనీయండమ్మా" అన్నాడు. "చార్జింగ్ అయిపోతే అదే ఆగుతుంది."

రాజమండ్రిలో, ఖాళీ పడక్కుర్చీలో, ఆ ట్యాబు పాడుతూ ఉండిపోయింది.