బిట్టు చెవులు కుట్టించిన రోజు

బజార్లో నగలు చేసే అవుసలాయన బంగారు తీగ గుచ్చి గంట దాటింది. బిట్టు చెవులు రెండింటి నుంచీ నెత్తురు ఇంకా కారుతూనే ఉంది. ఇంటికి తెచ్చి కొంగుతో అదిమాను, పసుపు అద్దాను, చివరికి కాఫీపొడి కూడా పెట్టాను. కొంగు ఎర్రబడింది కానీ నెత్తురు ఆగలేదు. నాలుగేళ్ళ నా మనవడు ఏడవకుండా నా మొహమే చూస్తున్నాడు.

తప్పంతా నాదే. మనవళ్ళిద్దరికీ నెత్తురు గడ్డకట్టని జబ్బుందని నా కొడుకు పండరి వందసార్లు చెప్పాడు. నేను చూసింది మాత్రం వాపులే. పెద్దోడు అఖిలేశ్‌కు మోకాలు ఉబ్బేది, వారం రోజులు మంచం దిగేవాడు కాదు. అది మోకాళ్ళ రోగమని నా లెక్క. చెవికీ మోకాలికీ ఏం సంబంధం? మనవళ్ళకు ఇంకా చెవులు కుట్టించలేదేమని మా ఊరు బీర్కూర్‌లో ఆడవాళ్ళు అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. అందుకే ఈసారి కొడుకింటికి వచ్చినప్పుడు, కోడలు సౌజన్య పెద్దోణ్ణి తీసుకుని పిట్లం వెళ్ళగానే, పండరి షాపుకు పోగానే, చిన్నోణ్ణి చంకనేసుకుని బజారుకు నడిచాను.

పండరి మాట నేను లెక్కచేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. చిన్నప్పుడు ఇంట్లో కోడిని కోస్తే నెత్తురు చూసి దబ్బున పడిపోయినవాడు. సూది అంటే గడ్డివాము ఎక్కి దాక్కునేవాడు. దవాఖాన దగ్గర ఉండాలని పొలం వదిలి బాన్సువాడలో కిరాయి ఇంట్లో చేరితే, పిరికోడని ఊరంతా వినేలా తిట్టాను. పిల్లలకు సూదులు కోడలే వేస్తుందనుకున్నాను.

ఇక వేరే దారి లేక ఫోన్ చేశాను.

"పండరీ, బిట్టుకు చెవులు కుట్టిచ్చిన. నెత్తురు ఆగుతలేదురా."

"గట్టిగ అదిమిపట్టు అవ్వా. వస్తున్న."

ఐదు నిమిషాల్లో వచ్చాడు. తిడతాడో, పడిపోతాడో అని చూస్తున్నాను. రెండూ జరగలేదు. డాక్టరుకు ఫోన్ చేసి ఎంత మందు ఎక్కించాలో అడిగాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. ఫ్రిజ్‌లోంచి నెత్తురు గడ్డకట్టే మందు సీసా తీసి, దాంతో వచ్చిన నీళ్ళు కలిపి, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాడు. బిట్టు తనంతట తానే చెయ్యి చాపాడు.

"ఎన్ని పోట్లు డాడీ?"

"ఒక్కటే బిడ్డా."

ఆ చిన్న చేతిలో నాకైతే నరమే కనిపించలేదు. పండరి వేలితో తడిమి ఒక్క పోటుకే పట్టాడు. వాడి చెయ్యి రవ్వంత కూడా వణకలేదు. అరగంటకు చెవుల నెత్తురు ఆగింది.

అప్పుడు చూశాను పండరి ఎడమ మోచేతి మడతలో. ఒకదాని పక్కన ఒకటి సూది మచ్చలు. రెండు మూడు ఇంకా నల్లగా కమిలి ఉన్నాయి.

"గివేందిరా? నీక్కూడ రోగమొచ్చిందా?"

"నాకేం కాలే అవ్వా. మొదట్ల నా చేతి మీదనే నేర్చుకున్న. మొన్న బిట్టుకు రెండుసార్లు గుచ్చినా నరం దొరకలే, మస్తు ఏడ్చిండు. గందుకే మళ్ళ నా మీదనే గుచ్చుకొని చూసుకుంటున్న."

నేను పిరికోడని ఊరంతా చాటింది వీణ్ణే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనే, ఇలాంటివాణ్ణి నేనే కన్నానని గర్వంతో ఏడుపొచ్చింది.

"ఇగ నన్ను పిల్లల దగ్గర ఉంచకు. బీర్కూర్ బస్సెక్కించు" అన్నాను.

వాడు ఒక కొత్త సూది విప్పి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు పోతే ఎట్ల? మేమిద్దరం ఇంట్ల లేనప్పుడు మందు ఎవరు ఎక్కిస్తరు? నేర్చుకో."

చొక్కా ఇంకాస్త పైకి మడిచి, తన చెయ్యి నా ఒళ్ళో పెట్టాడు. సూదిని వాడి నరం దాకా తెచ్చి ఆపాను.

"తప్పు పోతదిరా."

"పోనియ్యి. నా చెయ్యే కద."

కోడి నెత్తురు చూసి పడిపోయిన నా కొడుకు, నేను గుచ్చుతుంటే కళ్ళు కూడా మూసుకోలేదు.