కుంచెకు అవతలి మనిషి

బజారులో బాంబు పేలిన తొమ్మిదో రోజు మా గల్లీలో పడుగు చాచే వంతు పెంటప్పది. ఆ బాంబుకే పెంటప్ప కుడిచేతి వేళ్ళు నాలుగు పోయాయి. పందొమ్మిది వందల యాభై నాలుగు ఎండాకాలం అది. నూలు కొనడానికి పోయాడు. ఎవరో సైకిలుకు తగిలించి వదిలిపోయిన డబ్బా పేలి ఆరుగురు చచ్చారు. ఎవరు పెట్టారో మా పేట, జోడ్‌భావి పేట్‌లో ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. నేను వినడం మానేశాను. పెట్టినవాడు దొరికినా పెంటప్ప వేళ్ళు మొలవవు.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, గంజిలో ముంచి, గల్లీ పొడవునా లాగి పట్టి, ఎండ ముదరక ముందే పడుగు వెడల్పంత కుంచెతో దువ్వాలి. ఆ కుంచె ఒక్కడితో అయ్యేది కాదు. పడుగుకు ఇటొకడు, అటొకడు పట్టుకుని ఒకే అడుగుగా నడవాలి. పదకొండేళ్ళుగా ఇటు నేను, అటు పెంటప్ప. ఇంటికో మనిషి వస్తేనే ఆ ఇంటి పడుగుకు గల్లీ అంతా వస్తుంది. మనిషిని పంపలేని ఇల్లు వంతులోంచి పోయినట్టే, ఆ ఇంటి మగ్గం ఆగినట్టే. ఈ కట్టుబాటు మా నాయన పెట్టాడు. దాన్ని కాపలా కాస్తూ గల్లీలో సగంమందికి కంట్లో నలుసైన సిద్ధరాములు అనేవాణ్ణి నేనే.

ఆ పొద్దున పెంటప్ప భార్య సుందరాబాయి గంజిలో నానిన పడుగును బానలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. వంతు పోతుందన్న భయంతో ముందురోజు సాయంత్రమే ముంచిందట. ఆ పూట చాచకపోతే నూలు పులిసి పాడవుతుంది. ఎవరిని అడిగి ముంచావని కేకలేశాను.

బాంబు పేలినప్పటి నుంచి గల్లీ మొదట్లో కాపలా ఉన్న పోలీసు, నలుగురికి మించి గుమిగూడొద్దని మరాఠీలో హెచ్చరించాడు. పడుగుకు ఎనిమిది మంది కావాలి. వచ్చినవాళ్ళం ఏడుగురం దూరం దూరంగా నిలబడ్డాం. అతను కాసేపు మమ్మల్ని లెక్కపెట్టి, గుంపు ఎక్కడుందో తేల్చుకోలేక బీడీ ముట్టించాడు.

కుంచె పట్టుకుని చూస్తే అవతల మనిషి లేడు. పడుగును లాగి పట్టుకున్న మిగతా ఆరుగురిలో ఎవరు చెయ్యి వదిలినా అది కుంగుతుంది. సుందరాబాయి కొంగు నడుముకు దోపుకుని వచ్చి కుంచె అవతలి కొస పట్టుకుంది. మాలో ఆడవాళ్ళు గంజి కాస్తారు, కండెలు చుడతారు, కుంచె మాత్రం ముట్టరు. వద్దనడానికి నోరు తెరిచాను.

"గంజి ఆరుతాంది మామా," అన్నది.

నడిచాం. పది అడుగుల్లో ఏడు పోగులు తెగాయి. గుమ్మంలో కూర్చున్న పెంటప్ప కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు. ఆమె మీద విసుక్కోబోయి ఆగాను. తప్పు నాది. అవతల పెంటప్ప పొడుగు కాళ్ళున్నట్టే నేను అంగలు వేస్తున్నాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, యాభై ఎనిమిదేళ్ళ వయసులో అడుగు చిన్నది చేసుకుని మళ్ళీ నడక నేర్చుకున్నాను. మూడోసారికి ఒక్క పోగూ తెగలేదు.

పడుగు ఆరాక చుడుతుంటే పెంటప్ప లేచి నా దగ్గరికి వచ్చాడు. తమ ఇంటిని వంతులోంచి తీసెయ్యమని తనే చెప్పడానికి వస్తున్నాడని ముఖం చూస్తేనే తెలిసింది. వాడి నోట ఆ మాట వినే ధైర్యం నాకు లేదు.

"ఎల్లుండి నా పడుగు," అన్నాను. "మీ ఇంట్లకెల్లి మనిషి రావాలె."

"ఈ చేతితోని నేనేం చేస్త కాకా?"

"నిన్నెవరు రమ్మన్నరురా? సుందరను పంపు."

వాడు అక్కడే, అందరి ముందరే ఏడ్చాడు. సుందరాబాయి మాత్రం ఎన్ని గంటలకు రావాలో అడిగింది.