ఆరు గజాల్లో ఇద్దరు

నేను ఒక ఫోటోను. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, చుట్టూ నల్లచెక్క ఫ్రేము. పుట్టింది ఘనా దేశంలోని ఆక్రా నగరంలో. నాతోపాటు ఇంకో నాలుగు కాపీలు పుట్టాయి. ఐదుకు మించి తీయనని సెర్వా ఒట్టు పెట్టుకుంది. ఏదైనా కొద్దిగా ఉంటేనే మనుషులకు దానిమీద మనసు పోతుంది.

సెర్వా ఫోటోగ్రాఫరు. ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళను, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళను ఆరేళ్ళుగా ఫోటోలు తీస్తోంది. అక్కడ వాళ్ళ పక్షాన చట్టం లేదు, ఇరుగుపొరుగు లేరు. అందుకే ఆవిడ ముఖాలు తీయదు. వీపు, మెడ, చేతులు, అంతే.

నాలో ఉన్నది అడోమా, కోర్కోర్. కిటికీ వైపు తిరిగి, చిటికెనవేళ్ళు పెనవేసుకుని నిలబడ్డారు. ఇద్దరివీ ఒకే గుడ్డతో కుట్టిన రవిక, పొడుగు లంగా. తెలుపు మీద నల్ల పక్షులు. అక్కడ ఆలుమగలు, అయినవాళ్ళు వేడుకలకు ఒకే గుడ్డ కుట్టించుకుంటారు. నోటితో చెప్పలేనిది వీళ్ళు తొడుక్కున్నారు.

ముఖాల విషయంలో అంత జాగ్రత్తపడ్డ ముగ్గురికీ గుడ్డ సంగతి తట్టలేదు. అడోమా అమ్మమ్మ పోయినప్పుడు కర్మల కోసం ఇంటివాళ్ళు పనిగట్టుకుని అచ్చు వేయించిన గుడ్డ అది. మనిషికి ఆరు గజాలు, ఇంటివాళ్ళకే పంచారు. బజారులో దొరకదు. అడోమా తన వాటాలో సగం కోర్కోర్‌కి చించి ఇచ్చింది.

నా తోబుట్టువుల్లో ఒకటి బెర్లిన్ వెళ్ళింది. అక్కడొక పండితుడు ఆ పక్షుల గురించి గంటసేపు మాట్లాడాడట. వలస అన్నాడు, స్వేచ్ఛ అన్నాడు. చావు అని మాత్రం అనలేదు.

నేను ఆక్రాలోనే ఒక ప్రదర్శనలో గోడెక్కాను. గురువారం మధ్యాహ్నం అడోమా తల్లి అఫ్రియే వచ్చింది. కుమాసీ నుంచి కళ్ళజోడు మార్పించుకోడానికి వచ్చిన మనిషి.

"మన సెర్వా బొమ్మలు పెట్టిందటగా? నాకు చెప్పవేం?" అంటూ గుమ్మం దగ్గరున్న కూతురి పక్కనుంచి నడిచి నా ముందు ఆగింది. కొత్త అద్దాలు పైకి తోసుకుంది.

"మీ అమ్మమ్మ గుడ్డకి ఈ పక్షుల్ని ఎంచింది నేను," అంది.

అడోమా మా ఇద్దరి మధ్యకీ రాబోయింది.

"ఎడమపక్క నువ్వు. నిన్ను కన్నదాన్ని, నీ మెడ నాకు తెలీదా? రెండోది ఎవతె?"

"కోర్కోర్."

"చేపల పులుసు పంపే పిల్లా? ఫ్రెండన్నావు."

"అమ్మా..."

"నాకిది ఇష్టం లేదు. ముందే చెబుతున్నా." అఫ్రియే గొంతు తగ్గించింది. "శనివారం మీ పిన్నులిద్దరూ ఈ పక్కకే వస్తున్నారు. ఈ గుడ్డ వాళ్ళూ కుట్టించుకున్నారు, చూడగానే గుర్తుపడతారు. నిన్ను పీక్కు తింటారే పిచ్చిదానా! సెర్వా, ఇటు రా. దీన్ని దించు."

"ఆంటీ, ప్రదర్శన ఇంకా పదిరోజులుంది..."

"దించమన్నానా? చింపనులే."

అలా నేను పాత దుప్పటి చుట్టుకుని కుమాసీ బస్సెక్కాను. ఇప్పుడు నా చోటు అఫ్రియే బీరువాలో, వేలాడే బట్టల వెనక. నలుగురూ చూడాలని పుట్టినదాన్ని ఒక్కరికే మిగిలాను. మొదట్లో చిన్నతనంగా ఉండేది. తర్వాత గమనించాను, గోడమీద ఉన్నప్పుడు ఒక్కొక్కరూ అర నిమిషం చూసి కదిలిపోయేవారు. ఈవిడ రోజూ పొద్దున్నే బట్టలు పక్కకి జరిపి, ఏదో తప్పు పట్టాలన్నట్టు చూస్తుంది. నెల్లాళ్ళు చూసింది. ఆ నెల్లాళ్ళూ కూతురికి ఫోన్ చేయలేదు.

నిన్న చేసింది.

"నాకిప్పటికీ ఇష్టం లేదు, తెలిసిందా?" అంది ముందుగా. అవతల అడోమా ఏమందో నాకు వినపడలేదు. అఫ్రియే వేలు నా అద్దం మీద కోర్కోర్ వీపు దగ్గర ఆగింది.

"అది కాదే. మూడు గజాల్లో ఎవరికి సరిపోతుంది? కుట్లు ఎలా లాగుతున్నాయో చూశావా? నా దగ్గర ఆ గుడ్డే ఇంకో ముక్క ఉంది. ఆ పిల్ల కొలతలు పంపు."