బెల్టు మూత లోపల

"గోళ్లరంగు ఉన్నదా బిడ్డా నీ దగ్గర?" అని అత్తమ్మ అడిగినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. చేట అక్కడే వదిలేసి లేచాను. మాస్కులు కట్టుకున్న ఇరవై మంది మధ్య మా పెళ్లయి రెండు నెలలు. వంటా ఉప్పూ కాకుండా అత్తమ్మ నన్ను ఒక సరదా సంగతి అడగడం ఇదే మొదటిసారి. మా ఆయన శ్యాం వరాఛా బజార్లో కొనిచ్చిన ఎర్ర సీసా తెచ్చి, ఆమె చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె చప్పున లాక్కుంది.

"నాకెందుకే? కింద వాళ్లకియ్యి. వ్యాను బెల్టు మారుస్తుండ్రు. పాతది తియ్యకముందే గుర్తులు పెట్టాలె గద."

ఇంజనుకు గోళ్లరంగుతో గుర్తు పెడతారని అత్తమ్మకు ఎలా తెలుసో ఆ క్షణం నాకు తట్టలేదు. నవ్వుకుంటూ మెట్లు దిగాను.

ఆ రోజుల్లో నాకు అన్నిటికీ నవ్వొచ్చేది. సూరత్‌లో కోసాడ్ కాలనీ, మూడో అంతస్తు, రెండు గదులు. పొద్దున్నే తాపీ నది వైపు నుంచి వచ్చే గాలి, ఆకు దొన్నెలో వేడి వేడి శనగపిండి లోచో, సిరిసిల్లలో పుట్టిన నేను గుజరాతీ మాట్లాడితే శ్యాం పొట్ట పట్టుకుని నవ్వడం, ఇవన్నీ నాకు పండగలే. ఒక్క వంటింట్లోనే నా నవ్వు ఆగిపోయేది. అక్కడ డబ్బాల మీద రాతలుండేవి. కాగితం ముక్కల మీద గుండ్రటి తెలుగు అక్షరాలు. "పసుపు. జర చూసి వెయ్యి." "మెంతులు. శ్యాంకు చేదు పడదు." "చింతపండు. వానకాలం ఎండల పెట్టు."

అవి కరుణక్క రాసినవి. మా బావ, అంటే శ్యాం వాళ్లన్న సదానందం భార్య. పోయిన ఏడాది జులైలో ఊపిరి ఆడక ఆస్పత్రికి వెళ్లింది, తిరిగి రాలేదు. ఇదే వ్యానులో, వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకువెళ్లారట. కొత్త జంట ఉన్న ఇంట్లో వద్దని గోడ మీది ఫొటో తీసేశారు. ఎవరూ ఆమె పేరెత్తరు, ఎప్పుడైనా నోరు జారితే "ఆమె" అంటారు. బావా శ్యామూ సూరత్‌లోనే పెరిగారు, గుజరాతీ చదువుతారు కానీ తెలుగు అక్షరం ముక్క రాదు. అత్తమ్మకు ఏ చదువూ లేదు. ఆ ఇంట్లో ఆ రాతలు చదవగలిగేది నేనొక్కదాన్నే. మరి అప్పుడు ఆమె ఎవరి కోసం రాసినట్టు? మధ్యాహ్నం ఒంటరిగా పోపు వేస్తుంటే నా భుజం వెనక ఎవరో నిలబడి చెబుతున్నట్టుండేది. "సరే అక్కా" అని మెల్లగా జవాబివ్వడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలియదు.

ఏప్రిల్ చివరివారం అది. కరోనా రెండో విడత. కాలనీలో ఎటు విన్నా దగ్గే. అత్తమ్మ వాళ్లక్క నర్సవ్వ, కొడుకూ కోడలూ పిల్లలతో మర్నాడు తెల్లారేసరికి సిరిసిల్లకు బయలుదేరాలి. బావ నడుపుతాడు, మధ్యమధ్య స్టీరింగు అందుకోవడానికి శ్యాం కూడా వెళతాడు. దాదాపు వెయ్యి కిలోమీటర్లు. టైమింగ్ బెల్టు గడువు ఎప్పుడో దాటిపోయింది. అమ్రోలిలో ఉండే మెకానిక్ తన ఊరికి వెళ్లిపోయాడు. అందుకే అన్నదమ్ములే చేస్తున్నారు, నేను ఫోనులో మాన్యువల్ చదివి పెట్టాలి. బీఎస్సీ చదివిన కోడలు దేనికి పనికొస్తుందో చూద్దామని శ్యాం పొద్దున్నే కన్ను కొట్టాడు.

బావతో నేను నేరుగా మాట్లాడకూడదు. తమ్ముడి భార్యను కదా. నేను చదివింది శ్యాంకు చెబుతాను, శ్యాం బావకు చెబుతాడు, ముగ్గురం ఒకే ఇంజను మీద వంగి ఉన్నా సరే. నా మాట శ్యాం నోట్లో పడగానే "నేననుకోవడం అన్నా..." అని మొదలయ్యేది. మొదట్లో నవ్వొచ్చింది.

ముందు సీటు ఎత్తి, బెల్టు మీది మూత విప్పి బావ గోనె మీద బోర్లా పడేశాడు. పైపుల్లీ, కిందిపుల్లీ, రెంటినీ కలిపి తిప్పే పళ్ల బెల్టు. అది ఒక్క పన్ను జారినా లోపల వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజను నాశనమవుతుంది. సీసా మూత తిప్పి గుర్తు పెట్టబోయి ఆగిపోయాను. నేను పెట్టాల్సిన చోటే, రెండు పుల్లీల మీదా, అప్పటికే ఎర్ర చుక్కలున్నాయి. మసి పట్టి, అంచులు లేచిపోయి ఉన్నాయి. పక్కన రంగు అంటిన వేలిముద్ర. నా వేలు దాని మీద ఆనించాను. సరిగ్గా సరిపోయింది.

"ఇవి ఎవరు పెట్టిండ్రు?" అన్నాను శ్యాంతో.

బావ చేతిలో పానా ఆగింది. "అన్ననే పెట్టి ఉంటడు" అన్నాడు శ్యాం, నా వైపు చూడకుండా.

కొత్త బెల్టు ఎక్కింది. జారకూడదని బావ బెల్టును లాగిపట్టే టెన్షనర్‌ను ఇనుప కడ్డీతో బలంగా నెట్టి బిగించాడు. స్టార్ట్ చేస్తే ఇంజను వెనక నుంచి సన్నటి కూత. ఎవరో పళ్ల మధ్య ఏడుపు నొక్కుకున్నట్టు. ఇంజను ఆపాక బెల్టు పొడుగాటి వైపు మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాను. పావు చుట్టు తిరగాలని మాన్యువల్లో ఉంది. అందులో సగం కూడా తిరగలేదు. మా నాన్న మరమగ్గాల బెల్టులు ఇలాగే నొక్కి చూసేవాడు. ఇంత బిగువైతే దారిలో బేరింగు పోతుంది, దాంతో బెల్టూ పోతుంది. ఆ అడవి దారిలో, ఆ రోగంలో, నా శ్యాం.

"ఎక్కువ బిగిసింది, చెప్పు" అన్నాను.

"కొత్త బెల్టు గట్లనే ఉంటది సింధూ. అన్నకు తెల్వదా?"

అప్పుడే చాయ్ పట్టుకుని దిగిన అత్తమ్మ వ్యాను దగ్గర ఆగిపోయింది. "పోయినసారి గీ సప్పుడు రాలేదురా," అంది. "ఆమె రెండు వేళ్లతోని తిప్పి చూసేది."

గోళ్లరంగు సంగతి అత్తమ్మకు ఎలా తెలుసో నాకు అప్పుడు అర్థమైంది. "సదానందం చెయ్యి పడితే ఇంజను ఏళ్లకేళ్లు నడుస్తది" అని కాలనీ అంతా ఎందుకు చెప్పుకుందో, పోయిన జులై తర్వాత బావ ఎవరి బండీ ఎందుకు ముట్టలేదో కూడా.

"బావా, జర పక్కకు జరుగుండ్రి" అన్నాను.

ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అదే. శ్యాం నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. బావ జరిగాడు. టెన్షనర్ బోల్టు వదులు చేసి, కొద్దికొద్దిగా వెనక్కి వదిలి, రెండు వేళ్లతో తిప్పి చూసి మళ్లీ బిగించాను. చేత్తోనే ఇంజను రెండు చుట్లు తిప్పాను. పాత ఎర్ర చుక్కలు వచ్చి వాటి వాటి చోట నిలిచాయి. స్టార్ట్ చేస్తే కూత లేదు.

మొదటి అంతస్తు బాల్కనీలోంచి లక్ష్మీరాజం తాత కేకేశాడు. "నీ చెయ్యి పడ్డదంటే అంతేరా సదానందం."

బావ తలెత్తి చూశాడు, కాదనలేదు. వంగి పానాలు ఏరుకుంటూ, "శ్యామూ, మూత లోపల కిలోమీటర్లు రాసి ఉంటయ్. కింద కొత్తయి రాయమను" అన్నాడు.

మూత తిరగేశాను. ఎర్రరంగుతో తేదీ, కిలోమీటర్లు. వాటి కింద, పసుపు డబ్బా మీది ఆ గుండ్రటి అక్షరాలే. మొగుడికి రాని లిపిలో, ఎవరూ చూడని చోట రాసింది. నేను చదివానని నా మొహం చూసి శ్యాం కనిపెట్టాడు. వద్దన్నట్టు తలూపాడు.

మాస్కు గడ్డం కిందికి లాగి, మొదటి అంతస్తుకు వినపడేలా చదివాను. "ఈ బెల్టు మార్చింది కరుణ."

అత్తమ్మ పళ్లెం కింద పెట్టేసింది. బావ మూత మీదికి వంగి చూశాడు. "కిలోమీటర్లే అనుకున్న," అన్నాడు. పానాలు కింద పెట్టి, "ఇంకోపారి చదువు" అన్నాడు. శ్యాంతో కాదు, నాతో.

ఇంకోసారి చదివాను. తర్వాత సీసా మూత తిప్పి, ఆమె పేరు కింద నా పేరు రాసుకున్నాను.