హిత్తీన్ పొగ

హన్మాండ్లు ఊపిరి బిగబట్టి నిలబడితే, ఇమామ్ హుస్సేన్ వెనక నుంచి ఇనుప వలచొక్కా పట్టీలు బిగించాడు. గల్ఫులో, ఐకాడ్ పారిశ్రామికవాడలో వెల్డింగ్ పని తగ్గినప్పటి నుంచి కంపెనీవాళ్లు ఇద్దరినీ ఎడారిలో టీవీ సీరియల్ షూటింగుకు పంపుతున్నారు. ఇవాళ తీసేది హిత్తీన్ యుద్ధం. ఇమామ్ సుల్తాన్ సలావుద్దీన్ సిపాయి. హన్మాండ్లు శిలువ గుర్తు వేసుకున్న క్రూసేడు సైనికుడు.

యాభై దాటినా హన్మాండ్లు భుజాలు గట్టివే. ఛాతీయే చెడింది. రాత్రిళ్లు క్యాంపు గదిలో కింది మంచం మీంచి అతని పిల్లికూతలు ఇమామ్‌కు వినిపిస్తాయి. భార్య లక్ష్మవ్వకు వాయిస్ మెసేజ్ పంపేటప్పుడు దగ్గు పడకుండా ఆగి ఆగి మాట్లాడతాడు. తెలిస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుందని, ఎవరికీ చెప్పొద్దని ఇమామ్ చేత ఒట్టేయించుకున్నాడు.

"ఇయ్యాల మీరెట్ల ఓడుతరో ఎరుకేనా అన్నా?" అన్నాడు ఇమామ్ హుషారుగా. "సుల్తాన్ ఉరకలే. ముందుగాల పోయి చెరువుకు అడ్డం నిలవడ్డడు. మీ పటాలం నీళ్ల కోసం ఎండల వడి రావాలె. గాలి మీ దిక్కు మర్లంగనే గడ్డికి అగ్గివెట్టిచ్చిండు."

"నీళ్లడిగితే ఇయ్యలేదా భాయ్?"

"దొరికినంక మీ రాజుకు ఇచ్చిండు."

"సిపాయిలకు?"

ఇమామ్ ఆఖరి పట్టీ బిగించి తన డాలు అందుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇసుక పెనంలా కాలింది. కెమెరాకు ప్లాస్టిక్ కనబడకూడదని షూటింగు నడిపించే మేనేజరు ముదీర్ నీళ్ల సీసాలన్నీ ఏరించి బస్సులో పెట్టించాడు. గుట్ట కింద పరిచిన ఎండుగడ్డి అంటుకుంది. కాసేపు నిటారుగా లేచిన పొగ, గాలి మళ్లడంతో నేలబారుగా క్రూసేడు సైనికుల మీదికి పాకింది. ముదీర్ సంబరంగా చప్పట్లు కొట్టాడు.

డాలుకు డాలు ఆనించి నిలబడ్డ వరసలో ఇమామ్ ఉన్నాడు. పొగలోంచి హన్మాండ్లు తూలుతూ వచ్చి అతని డాలు పట్టుకున్నాడు. పెదవులు నల్లబడ్డాయి.

"భాయ్... గుక్కెడు నీళ్లు."

"ముదీర్! పానీ!" ఇమామ్ అరిచాడు.

"ఏక్ మినట్ రుకో! షాట్ చల్ రహా హై!" షాట్ నడుస్తోంది, ఆగమని ముదీర్ కసిరాడు.

ఇమామ్ డాలు కింద పారేసి బస్సువైపు పరుగెత్తాడు. వెనక నుంచి తిట్లు వినిపించాయి. సీసాతో తిరిగొచ్చేసరికి షాట్ ఆపేశారు. చచ్చినట్టు పడుకున్నవాళ్లు ఇసుక దులుపుకుని లేస్తున్నారు. హన్మాండ్లు లేవలేదు. ఇమామ్ అతని తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు పోశాడు. నోట్లో పోసినవి పోసినట్టే చెంప మీదుగా జారి ఇసుకలో ఇంకిపోయాయి.

సాయంత్రం బస్సు క్యాంపుకు బయల్దేరింది. ఖాళీ సీటు పక్క కిటికీకి హన్మాండ్లు పొద్దున తడిపి వేలాడదీసిన గళ్ల తువాల అట్టలా ఎండిపోయి, కుదుపు కుదుపుకూ అద్దాన్ని తడుతూ ఉంది.