రెండు యెన్ గుర్తులు

బుధవారం పొద్దున జపాన్‌లో, అమగసాకిలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ తలుపు తీసేసరికే ఫోన్లు మోగుతున్నాయి. వృద్ధుల ఇళ్లకు భోజనం పెట్టెలు పంపే ఖాతాదారు లబోదిబోమంటున్నాడు. ఫోన్ నంబరు తప్పుగా ఉందంటూ వీళ్లు రాసిచ్చిన ప్రోగ్రామ్ ఆర్డర్లన్నీ తిప్పికొడుతోందట. నంబర్లు శుభ్రంగానే ఉన్నాయి. మధ్యాహ్నానికి మూడొందల మంది ముసలివాళ్లు పస్తుండేలా ఉన్నారు. ఖాతాదారులతో మాట్లాడే తొమోయె ఫోన్ దగ్గర కూర్చుని ఆర్డర్లను చేత్తో రాసుకుంటోంది.

ఫోన్ నంబరు ఎలా ఉండాలో చెప్పే నమూనా ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస. పదకొండేళ్ల కిందట ఇసోబె రాశాడు. పదిహేనేళ్లకే బడి మానేసి, విన్నదీ చూసిందీ పట్టుకుని పని నేర్చినవాడు. ఇప్పుడు యాభై నాలుగు. ఏడాదికో కాంట్రాక్టు మీద బతుకు.

సెక్షన్ పెద్ద, అక్కడి మాటలో కచో, హిబినో అతనికంటే పన్నెండేళ్లు చిన్న. మంచి యూనివర్సిటీలో చదివాడు. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా చూసుకుంటాడు.

"ఇసోబె గారూ, సంజాయిషీ పత్రం సిద్ధం చేశాను. కింద మీ ముద్ర పడితే ఖాతాదారుకు పంపేస్తాను."

"తప్పు నాదని ఎవరన్నారు, కచో గారూ?"

"నమూనా మీరు రాసిందేగా. తనిఖీ ప్రోగ్రామ్ చూడండి. మీ ఫైళ్లలో నలభై చోట్ల అక్కర్లేని బ్యాక్‌స్లాష్‌లు పెట్టారంటోంది."

"అక్కర్లేనివే. వాటివల్ల ఎవరికీ హాని లేదు. ఈ వరుసను మాత్రం ఏమీ అనలేదుగా?"

"యంత్రానికి దొరకని తప్పులూ ఉంటాయి. అందులోనూ మీ చేతివి."

"అబ్బో, కచో గారికి జోకులు కూడా వచ్చే!" అంది తొమోయె, ఫోన్ చేత్తో మూసి.

ఇసోబె నవ్వలేదు. నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతోంది. అక్కడ సంతకానికి బదులు ముద్రే. సంజాయిషీ మీద అది పడినవాడి కాంట్రాక్టు మళ్లీ సాగడం ఆ ఆఫీసులో అతను చూడలేదు.

నమూనాలో d ముందు బ్యాక్‌స్లాష్ ఉంటే అక్కడ అంకె రావాలని అర్థం. లేకపోతే అది వట్టి d అక్షరం. జపాన్ స్క్రీన్ల మీద ఆ ఏటవాలు గీత, పాత అలవాటు కొద్దీ, యెన్ గుర్తులా కనబడుతుంది. అక్కడివాళ్లకది పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఎవరూ పట్టించుకోరు.

ఇసోబె ఫైలు చరిత్ర తెరిచాడు. సోమవారం దాన్ని మార్చింది హిబినో. కొత్తది ఖాతాదారుకు చేరింది మంగళవారం రాత్రి.

"వరుసలు మళ్లీ కొట్టి అందంగా సర్దాను, అంతే," అన్నాడు హిబినో వెనకనుంచి వంగి. "ఎర్రగా ఉన్నది పాతది, పచ్చగా ఉన్నది కొత్తది. అక్షరం తేడా ఉందా?"

"లేదు."

"మరింకేం?"

"తేడా లేనిదాన్ని మారిందని ఎందుకు చూపిస్తోంది?"

"వరుస చివర కనబడని ఖాళీ ఏదో ఉండుంటుంది. ముద్ర తెచ్చుకున్నారా?"

ఇసోబె తనిఖీ ప్రోగ్రామ్ తెరిచాడు. అది కోడ్‌ను నడపదు, చదువుతుంది. బ్యాక్‌స్లాష్ కనబడిన ప్రతిచోటా ఆగి, దాని పక్కన ఉండాల్సిందే ఉందా అని చూస్తుంది. ఆగిన చోట్లన్నీ చెప్పమని అడిగాడు. పెద్ద జాబితా వచ్చింది. ఆ వరుసలో కంటికి మూడు గుర్తులు కనబడుతున్నాయి. జాబితాలో మాత్రం ఆ వరుసే లేదు. ఒప్పని వదిలేయలేదు. అసలక్కడ ఆగనే లేదు. అంటే అవి బ్యాక్‌స్లాష్‌లే కావు.

అతను తనిఖీ ప్రోగ్రామ్‌కు ఎనిమిది వరుసల కొత్త నియమం రాశాడు. నమూనాలో నిజంగా డబ్బుకు వాడే యెన్ గుర్తు కనబడితే అరవమని. నడిపితే మూడు అరుపులు వచ్చాయి. మూడూ ఆ వరుసలోనే.

"కచో గారూ, మీ తెల్ల లాప్‌టాప్‌లో యెన్ మీట ఒకసారి నొక్కండి."

నొక్కాడు. యెన్ గుర్తు వచ్చింది.

"ఇప్పుడు నా దాంట్లో."

అదే వచ్చింది. కంటికి రెండూ కవలపిల్లలు. తనిఖీ ప్రోగ్రామ్‌కిస్తే అరిచింది మాత్రం తెల్ల లాప్‌టాప్‌లో నొక్కినదాని మీద. ఇసోబె పాత మెషీన్ ఆ మీటకు బ్యాక్‌స్లాష్ ఇస్తుంది. హిబినో కొత్తగా కొనుక్కున్న తెల్లది నిజం యెన్ ఇస్తుంది.

"అందంగానే సర్దారు," అంది తొమోయె.

ఇసోబె మూడు గుర్తులూ తుడిచి తన మెషీన్ మీద మళ్లీ కొట్టాడు. పదకొండు కాకముందే ఆర్డర్లు కదిలాయి.

హిబినో కాగితం మళ్లీ అతని ముందుకు జరిపాడు. "ఎవరివల్ల అయితేనేం, కంపెనీ తరఫున ఒక ముద్ర పడాలి. పెద్దవారు మీరు వేస్తే హుందాగా ఉంటుంది. కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటాను."

"పొద్దున నా చేతివంటే తప్పులేనన్నారు. ఇంతలోకే హుందా వచ్చేసిందా? నేను వేయను."

హిబినో కాగితం తీసుకుపోయి తిరగరాశాడు. కారణం దగ్గర 'అక్షరాల రూపంలో తేడా' అని పెట్టి, కింద తన ముద్రే వేసుకున్నాడు.

నెలాఖరున కాంట్రాక్టు వచ్చింది. ఏడాదికి కాదు, ఆరు నెలలకు. అనుమతి లేకుండా తనిఖీ ప్రోగ్రామ్‌ను మార్చినందుకని కారణం రాశారు.

ఇసోబె రెండుసార్లు చదివాడు. "అయితే ఆ నియమం తీసేయమంటారా?"

"వద్దు," అన్నాడు హిబినో, తల ఎత్తకుండా. "అది ఉండనివ్వండి."